క్యూబు ఫెయిలైంది, స్లాబ్ ఉంచాలా కొట్టేయాలా: సైట్ ఇంజనీరుగా నా మొదటి పరీక్ష

కౌన్సెలింగ్ రోజులు వస్తే చాలు, "సివిల్ పెట్టుకోవచ్చా అక్కా?" అని చుట్టాల పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. జీతం సంగతైతే ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చేరినప్పుడు నాకు నెలకి 18,000. అందులో హాస్టల్‌కే 6,500 పోయేది. నాతోపాటు చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళినవాళ్ళు అంతకి రెట్టింపుతో మొదలుపెట్టారు. "మరి రోజంతా నువ్వు చేసేదేంటి?" అని అడిగినప్పుడే నోరు పెగలదు. ఫోన్లో చెప్పేది కాదది. అందుకని 2025 జులై నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ శివార్లలో మా సైట్లో ఒక్క స్లాబ్ చుట్టూ జరిగింది తేదీలతో సహా రాస్తున్నాను. ఇల్లు కట్టుకుంటూ క్యూబ్ రిపోర్టు (పోసిన కాంక్రీటుతోనే అచ్చుపోసిన దిమ్మల్ని విరిచి బలం చూసే పరీక్ష) చూసి కంగారుపడుతున్నవాళ్ళకీ ఇది పనికి రావచ్చు.

మాది స్టిల్ట్ మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంటు. జులై 12, శనివారం, రెండో అంతస్తు స్లాబ్ పోశాం. 58 ఘనపు మీటర్ల ఎం25 కాంక్రీటు (28 రోజులకి చదరపు మి.మీ.కి 25 న్యూటన్ల బలం రావాల్సినది), పది రెడీమిక్స్ బళ్ళు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నా పని పైన: వైబ్రేటర్ సరిగ్గా పెడుతున్నారా, రాడ్ల కింద పెట్టే కవర్ బ్లాకులు జారిపోయాయా, పంపు పైపు లాగేటప్పుడు టాప్ రాడ్లు తొక్కేస్తున్నారా అని చూడటం. వీటితోపాటు మా ప్రాజెక్ట్ సార్ పెట్టిన ఇంకో రూలుంది. ఏ బండి కాంక్రీటు ఏ స్తంభానికీ ఏ స్తంభానికీ మధ్య పడిందో, ఎన్నింటికి పడిందో ప్లాన్ ప్రింటు మీద పెన్సిల్‌తో గీసి గుర్తు పెట్టాలి. ఎండలో, చెమట కారుతుండగా, ఆ కాగితం తడవకుండా కాపాడుకోవడమే పెద్ద పని. ఇదెందుకు సార్ అని విసుక్కుని అడిగితే "అవసరం పడకపోతే అదృష్టం" అన్నారు.

ఆరో బండి ఆలస్యమైంది. చలానా ప్రకారం ప్లాంటులో బయల్దేరింది 11:05కి. ట్రాఫిక్‌లో చిక్కుకుని సైట్‌కి చేరింది 12:40కి. ముందు బండి ఖాళీ అయ్యేదాకా గేటు దగ్గరే ఆగింది. రెడీమిక్స్ కాంక్రీటుని నింపిన రెండు గంటల్లోపు దించేయాలి. ఇది దించడం మొదలయ్యేసరికే ఆ గడువు అయిపోవచ్చింది. ఆ లోపు కాంక్రీటు బిగుసుకుంది, పంపు మొరాయించింది, కింద ఎవరో బండి వెనకున్న హోస్ తిప్పి నీళ్ళు వదిలారు. పైన ఉన్న నాకు తెలిసిందల్లా ఆ బండి కాంక్రీటు మిగతావాటికంటే పల్చగా, పరుగెత్తుతూ రావడం. సాయంత్రం కింద ల్యాబ్ కుర్రాడి రిజిస్టర్ చూశాను. పాపం ఆ అబ్బాయి నిజాయితీగా రెండు స్లంప్‌లూ (కాంక్రీటు ముద్ద ఎంత కుంగిందో చూసే కొలత, పల్చనైతే ఎక్కువ) రాశాడు: మొదట 70 మి.మీ., తర్వాత 190. మేం అడిగింది 120. క్యూబులు నింపింది కూడా ఆ 190 తర్వాతే.

ఆ రాత్రే సార్‌కి చెప్పాను. ఆయన కాసేపు లెక్క వేశారు. మా మిక్సులో ఘనపు మీటరుకి 340 కిలోల సిమెంటు, నీళ్ళు 163 లీటర్లు. అంటే నీళ్ళూ సిమెంటూ నిష్పత్తి 0.48. ఆరు ఘనపు మీటర్ల బండిలో ఓ 150 లీటర్లు కలిపారనుకుంటే ఆ నిష్పత్తి 0.55 దాటుతుంది. నీటి పాళ్ళు పెరిగితే కాంక్రీటు బలం ఎలా పడిపోతుందో డఫ్ ఏబ్రమ్స్ అనే పరిశోధకుడు 1918లోనే షికాగోలో వేల నమూనాలు విరగ్గొట్టి తేల్చాడు. సెకండియర్లో ఆ గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ వంపు గీత నేను నిలబడ్డ స్లాబ్ మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పంపుకి కాంక్రీటు గట్టిగా ఉందనిపిస్తే ప్లాంటు మనిషి చేత కొంచెం అడ్మిక్చర్ (నీళ్ళు లేకుండానే కాంక్రీటుని జారేలా చేసే రసాయనం) వేయించి డ్రమ్ము తిప్పించాలి. నీళ్ళు పోయకూడదు. ఇది సైట్లో అందరికీ తెలుసు. తెలిసీ పోస్తారు, నీళ్ళు ఊరికే వస్తాయి కనక.

ఇక్కణ్నుంచి వెయిటింగ్ మొదలైంది. మా పరిమాణానికి ఐదు శాంపిళ్ళు తీయాలి. ఒక్కోదాంట్లో 28 రోజులకి మూడు క్యూబులు, 7 రోజులకి మూడు, మొత్తం ముప్పై క్యూబులు. ఒక్కోటి ఎనిమిది కిలోల పైమాటే. వాటిని టాంకులోంచి తీసి ఆటో ఎక్కించి ల్యాబ్‌లో దింపే కార్యక్రమం గురించి ఏ పుస్తకంలోనూ ఉండదు. మూల చితికితే ఆ క్యూబు పనికిరాదు కాబట్టి గోనె పట్టాలు మధ్యలో పెట్టి, ఆటోలో నేను కాళ్ళు మడుచుకుని వాటి పక్కనే కూర్చునేదాన్ని.

జులై 19న ఏడు రోజుల ఫలితం. మిగతా నాలుగు శాంపిళ్ళూ 18, 19 న్యూటన్ల దగ్గర ఉన్నాయి. ఆరో బండిది 13.1. ఎం25కి ఏడో రోజున 16, 17 వస్తే ధైర్యంగా ఉండొచ్చు. సార్ అప్పటికప్పుడు స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌కి ఫోన్ చేశారు. ఆయన చెప్పింది ఒక్కటే: "ఆ భాగంలో జాకీలు ఒక్కటి కూడా కదపొద్దు. 28 రోజుల దాకా ఆగండి." సెంట్రింగ్ మేస్త్రీకి ఇది నచ్చలేదు. స్లాబ్‌ని కింద మోస్తున్న ఆ ప్లేట్లూ జాకీలూ అతను రోజు అద్దెకి తెచ్చినవి. "నలభై స్లాబులు పోశాను మేడం. ఇట్లాంటివి ఎన్ని చూళ్ళేదు! ఏ బిల్డింగూ పడలేదు" అన్నాడు.

అతని మాట అబద్ధం కాదు, అసలు చిక్కంతా అందులోనే ఉంది. డిజైన్‌లో కాంక్రీటు బలాన్ని ఒకటిన్నరతో భాగిస్తాం, బరువుల్ని ఒకటిన్నరతో హెచ్చిస్తాం. కొంచెం తేడా వచ్చినా భవనం నిలబడేది ఆ పొదుపు వల్లే. కానీ దాన్ని దాచింది ఇంట్లో రెండొందల మంది పోగయ్యే పెళ్ళి కోసం, పక్క గోడ ఎవడో కొట్టేసే రోజు కోసం, మనకి తెలియని ఇంకేదో కోసం. పంపు జామైందని ఎవరో దాంట్లోంచి ఖర్చు పెట్టేస్తే ఎలా? ఇదంతా మేస్త్రీకి వివరంగా చెప్పాను. విన్నాడు, తల ఊపాడు, జాకీల అద్దె ఎవరిస్తారని అడిగాడు.

ఆగస్టు 9 రాఖీ పౌర్ణమి. ల్యాబ్‌లో సగం మంది లేరు. నేను ఊరెళ్ళి తమ్ముడికి రాఖీ కట్టాల్సింది, పోస్టులో పంపేశాను. ఎందుకంటే ఆ రోజే 28 రోజులు నిండేది. క్యూబు విరగడం ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తాను. తడి తుడిచి మిషన్లో పక్కకి తిప్పి పెడతారు (పోసిన ముఖం పైకి ఉండకూడదు), ప్లేటు దిగుతుంది, తెర మీద అంకెలు మెల్లగా ఎక్కుతాయి. నిమిషంన్నర పడుతుంది. 300, 380, 420... మంచి క్యూబైతే 600 కిలోన్యూటన్లు దాటాక గానీ శబ్దం రాదు. మాది 450 దాటగానే చిటచిటలాడింది, అంకె ఆగిపోయింది. బయటికి తీస్తే నాలుగు పక్కలూ ఊడి నడుం సన్నబడి డమరుకంలా ఉంది. అంటే విరగడంలో లోపమేమీ లేదు, పరీక్ష సరిగ్గానే జరిగింది. ఒకవేళ వంకరగా విరిగుంటే మిషన్ మీదో, పెట్టిన తీరు మీదో అనుమానపడే అవకాశం ఉండేది. ఆ ఆశ కూడా పోయింది.

మూడు క్యూబులూ 20.9, 20.1, 20.8. సగటు 20.6. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐ.ఎస్. 456 ప్రకారం ఎం25లో ఒక్కో శాంపిల్ 22కి తగ్గకూడదు. తిరుగుదారిలో ఆటోలో ఏడుపొచ్చింది. నా తప్పు కాదని తెలుసు, అయినా వచ్చింది. మా అమ్మకి ఫోన్ చేస్తే "నీ ఉద్యోగం పోతుందా?" అంది. "నాది కాదమ్మా, స్లాబ్‌ది" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నాకూ చెప్పే ఓపిక లేదు.

ఆగస్టు 11, సోమవారం మీటింగు. బిల్డరు, సార్, కన్సల్టెంట్, ప్లాంటు తరఫున ఒకాయన, మూలన నేను. ప్లాంటాయన తన బ్యాచ్ షీటు బల్ల మీద పెట్టాడు. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి, మా దగ్గర తప్పు లేదు అన్నాడు. పంపువాళ్ళు మేం పోయలేదన్నారు. బిల్డరు నేరుగా అసలు ప్రశ్నకొచ్చాడు: "కొట్టేయాలా, వద్దా?"

నేను ఈ వృత్తి గురించి నేర్చుకున్నది ఎక్కువగా ఆ తర్వాతి పావుగంటలోనే. కన్సల్టెంట్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ముందు క్యూబుల్నే అనుమానించారు. ఐదు శాంపిళ్ళూ ఒకే టాంకులో నానాయా? నింపింది ఒకే మనిషా? ఒకే మిషన్లో విరిచారా? అన్నిటికీ అవునని తేలాక, క్యూబులది తప్పు కాదు, కాంక్రీటుదే అన్నారు. తర్వాత "ఈ బండి ఎక్కడ పడింది?" అని అడిగారు. సార్ నావైపు చూశారు. నేను పెన్సిల్ గీతల ప్రింటు బల్ల మీద పరిచాను. ఆరో బండి పడింది రెండో ఫ్లాటు హాలు మీద, దాన్ని ఆనుకున్న రెండు బీముల్లో. స్తంభాలు అంతకుముందే పోసినవి, వాటికి ఈ కాంక్రీటు తగల్లేదు, పైన బీములు కలిసే జంక్షన్ల దగ్గర కొంచెం తప్ప. ఆ కాగితం లేకపోతే మొత్తం అంతస్తుని అనుమానించాల్సి వచ్చేదని ఆయన అన్నారు. విసుక్కుంటూ గీసిన గీతలవి.

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి ఆ హాలు స్లాబుని ఎం20 అనుకుని మళ్ళీ డిజైన్ చెక్ చేశారు. స్లాబ్ వంగేటప్పుడు భారం మోసేది ప్రధానంగా కింద ఉన్న స్టీలు. కాంక్రీటు ఒక గ్రేడు తగ్గినా వంపు విషయంలో పెద్ద తేడా రాలేదు. బీముల్లో షియర్ (అడ్డంగా తెగ్గొట్టే బలం) కూడా సరిపోయింది. ఇదే కాంక్రీటు స్తంభాల్లో పడి ఉంటే మాత్రం మాట వేరుగా ఉండేది, అక్కడ బరువు చాలావరకు కాంక్రీటు మీదే. కాగితం మీద స్లాబ్ ఆగుతుంది, ఇప్పుడు అసలు స్లాబులో ఎంత బలం ఉందో కొలవాలి అన్నారు. పైన పని ఆపేయమన్నారు. మూడో అంతస్తు స్తంభాలకి కట్టిన రాడ్లు అలాగే నిలబడ్డాయి.

ఆగస్టు 14న రీబౌండ్ హామర్, కాంక్రీటు గుండా శబ్దం ఎంత వేగంగా దాటుతుందో చూసే అల్ట్రాసోనిక్. హామర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్ప్రింగు సుత్తి, కాంక్రీటుకి కొట్టి ఎంత ఎగిరిందో చూస్తారు. అనుమానం ఉన్న చోట 27, 28, మంచి చోట 34. దీని మీద నుంచి చెప్పే బలంలో పాతిక శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని కోడే ఒప్పుకుంటుంది. పోల్చుకోవడానికి తప్ప తీర్పు చెప్పడానికి పనికిరాదు. అల్ట్రాసోనిక్‌కి మాత్రం స్లాబ్ పైన ఒకరు, కింద ఒకరు ఒకే నిలువు గీతలో రెండు ప్రోబులు ఆనించాలి. ఒకరికొకరు కనపడరు. స్తంభం నుంచి టేపుతో ఇన్ని మీటర్లు అని కేకలేసుకుంటూ పాయింట్లు పెట్టాం. ప్రోబుకి గ్రీజు రాయాలి. ఆ మరక నా దుపట్టా మీద ఇప్పటికీ పోలేదు. మంచి చోట శబ్దం సెకనుకి 4.1 కిలోమీటర్ల వేగంతో దాటింది, ఆ హాల్లో 3.4. క్యూబులు చెప్పిందే ఇదీ చెప్పింది. ఒక మంచి కబురు, జంక్షన్ల దగ్గర వేగం బాగానే ఉంది.

తర్వాత పదిహేనో తేదీ సెలవు, ఆ మర్నాడు కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. కోర్ కటింగ్ మిషన్, అంటే స్లాబ్‌లోంచి గుండ్రటి ముక్కలు కోసి తీసేది, వచ్చింది 19న. ముందు రోజు స్కానర్‌తో రాడ్లు ఎక్కడున్నాయో వెతికి సుద్దముక్కతో గళ్ళు గీశారు, గడి మధ్యలో కోయాలి. డైమండ్ బిట్టు, నీళ్ళు, కర్ణకఠోరమైన గోల. ఒక్కో కోరుకి ఇరవై నిమిషాలు. కిందికి బూడిద రంగు బురద కారుతుంది. మొదటి కోరు బయటికొచ్చాక చూస్తే మధ్యలో తెల్లటి ప్లాస్టిక్ చక్రం. ఎలక్ట్రికల్ పైపు! ఆ స్కానర్‌కి ఇనుమే కనిపిస్తుంది, పీవీసీ కనిపించదు. ఆ కోరు దండగ, దాని మూడు వేలూ దండగ. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ లైను వేరే దారి పట్టించాల్సి వచ్చింది. మీ ఇంటికి ఎవరైనా కోర్ తీయడానికొస్తే ఎలక్ట్రికల్ డ్రాయింగు కూడా చేతికివ్వండి.

మిగతా మూడూ సరిగ్గా వచ్చాయి. అరచేతిలో పట్టేంత లావు, తడిగా, చల్లగా. స్లాబ్ లోపల ఎలా ఉంటుందో కళ్ళతో చూడటం అదే మొదలు. కంకర రాళ్ళు కోసిన చోట నున్నగా మెరుస్తున్నాయి. మూడో దాంట్లో పైభాగాన కంకర తక్కువ, ఉత్త సిమెంటు ముద్ద ఎక్కువ. నీళ్ళు ఎక్కువై కంకర కిందికి దిగిందని చూడగానే తెలిసిపోతోంది. మార్కరుతో నంబరు, తేదీ రాసి సంతకం పెట్టాను. కన్నాలు గ్రౌట్‌తో పూడ్చారు.

శుక్రవారం ఇస్తామన్న రిపోర్టు మంగళవారం, ఆగస్టు 26న వచ్చింది. కోర్లు కొసలు కోసి, గంధకం టోపీ పెట్టి, నీళ్ళలో నానబెట్టి విరవాలి, అందుకని ఆలస్యం. ఈ స్థల యజమాని రిటైరైన పెద్దాయన. డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఆ హాలు ఆయన వాటాలోదే. మీటింగు ముందు నుంచి రోజూ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆ రోజు నా చేతిలో కవరు చూసి లేచి నిలబడ్డారు. "అమ్మాయ్, పాసా ఫెయిలా? ఒక్క మాట చెప్పు."

23.1, 22.4, 19.6. సగటు 21.7. కోరు కోయడంలోనే కొంత దెబ్బ తింటుంది, స్లాబులో కాంక్రీటు క్యూబంత ఒద్దికగా నానదు. అందుకే కోడ్ కోర్లకి కొంత సడలింపు ఇస్తుంది. సగటు 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం25కి ఆ లెక్కలు 21.25, 18.75. రెండూ దాటాం, కానీ ఎంత దాటాం? సగటులో అర న్యూటను కూడా లేదు. "పాసే బాబాయిగారూ, అంచు మీద పాస్" అన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నారు. "అంచు మీద అంటే మా మనవలు గెంతొచ్చా?"

ఆ ప్రశ్నకి కోర్ రిపోర్టు జవాబు చెప్పదు. చవితి పండగ అయ్యాక 28న కన్సల్టెంట్ వచ్చారు. కోడ్ ప్రకారం ఇక్కడితో ఆపేయొచ్చు, కానీ ఆ మూడో కోరు నాకు నచ్చలేదు, లోడ్ టెస్ట్ చేద్దాం అన్నారు. బిల్డరు ముఖం చూడాలి అప్పుడు. రిపోర్టు పాసయ్యాక ఇంకా ఖర్చా అని ఆయన బాధ. నాకైతే కన్సల్టెంట్ మీద అభిమానం పుట్టింది ఆ రోజే. సంతకం పెట్టి ఫీజు తీసుకుని వెళ్ళిపోతే అడిగేవాడు లేడు.

లేబరు నిమజ్జనం అయ్యేదాకా రాలేదు. సెప్టెంబరు 9కి కుదిరింది. లెక్క ఇదీ: ఇళ్ళల్లో స్లాబ్ మీద చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్ల బరువు పడుతుందని డిజైన్ చేస్తాం. దానికి ఒకటింపావు వంతు, అంటే రెండున్నర. ఇంకా వేయని టైల్సు, వాటి కింది మడ్డీ బరువు ఒకటి. మొత్తం మూడున్నర, అంటే చదరపు మీటరుకి దాదాపు 357 కిలోలు. ఇసుక బస్తాలు పేరిస్తే అవి ఒకదానికొకటి ఆనుకుని కమానులా నిలబడి బరువుని పక్కలకి మళ్ళించే ప్రమాదం ఉంది, మధ్యలో సందులు వదిలి పేర్చాలి. నీళ్ళకి ఆ బెడద లేదు. అందుకని క్యూరింగ్‌కి కట్టినట్టే, కాకపోతే ఇంకా ఎత్తుగా, ఇటుకలతో మడి కట్టారు. 4.2 మీటర్లకి 5.1 మీటర్ల హాలు, 36 సెంటీమీటర్ల నీళ్ళు. ఏడున్నర టన్నుల పైనే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు తెప్పించాం.

కింద జాకీలన్నీ తీసి, స్లాబ్‌కి తగలకుండా రెండు అంగుళాల సందుతో మళ్ళీ నిలబెట్టారు. ఒకవేళ స్లాబ్ దిగితే అవి పట్టుకుంటాయి. విడిగా నిలబెట్టిన స్కఫోల్డింగు మీద డయల్ గేజీలు, మిల్లీమీటరులో నూరో వంతు చూపించేవి. స్టిల్ట్‌లో ఉంటున్న రెండు కూలీ కుటుంబాల్ని ఆ రెండు రాత్రులకీ పక్క ప్లాటుకి మార్చాం. పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టాం, ఎండ తగిలితే స్లాబ్ దానంతటదే కాస్త కదిలి గేజీ లెక్క పాడవుతుంది. నాలుగు విడతలుగా నింపుతూ, ప్రతి విడతకీ ఆగి రీడింగ్. రెండో విడతలో గేజీ మీద టప్‌మని నీటి చుక్క! ఫ్యాను బాక్సు దగ్గర ఓ చిన్న సందులోంచి కారుతోంది. అందరం పైకి చూశాం, అందరికీ గుండె ఆగినంత పనైంది. నీళ్ళు తోడి, మడిలో కొత్త పాలిథిన్ షీటు పరిచి మళ్ళీ మొదలు. కింద షీటు పరవాలన్నది ముందే తెలిసిన విషయమే, వేసినదానికి చిరుగుందని ఎవరూ చూడలేదు.

పూర్తిగా నిండేసరికి 11 గంటలు. గేజీ 0.71 మి.మీ. దగ్గర ఆగింది. ఇక 24 గంటలు అలాగే ఉంచాలి. ఆ రాత్రి నేనూ, ల్యాబ్ మనిషీ, వాచ్‌మనూ. గంటకోసారి టార్చి వేసి చదవడం, రాయడం. ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన పడితే బరువు పెరుగుతుంది కాబట్టి గోడ మీద గీత గీసి బకెట్లు సిద్ధంగా పెట్టుకున్నాం. పడలేదు. అర్ధరాత్రికి 0.88. మూడింటికి 0.92. నాలుగింటికి కూడా 0.92. అప్పుడు వాచ్‌మన్ టీ ఇచ్చాడు. ఎనిమిది టన్నుల దాకా నీళ్ళ కింద, స్లాబ్‌కీ నా తలకీ మధ్య ఏమీ లేకుండా నిలబడి టీ తాగాను. భయం లేదనను. ఆ అంకె కదలకపోవడం చూస్తుంటే భయం తగ్గింది.

మర్నాడు 11 గంటలకి 0.94. మా స్లాబ్ పొడవునీ మందాన్నీ బట్టి కోడ్ ఇచ్చే పరిమితి 5.6 మి.మీ. అందులో ఐదో వంతు కూడా లేదు. అంత తక్కువ వంగితే నీళ్ళు తీశాక ఎంత వెనక్కి లేచిందో కొలవక్కర్లేదని కోడే చెప్తుంది. కన్సల్టెంట్ అయినా కొలవమన్నారు. 11న చూస్తే 0.15 మిగిలింది, 84 శాతం వెనక్కి లేచింది. 13న రిపోర్టు. ఉంచొచ్చు, కాకపోతే కాంక్రీటులో నీటి సందులు ఎక్కువ కాబట్టి స్టీలు తుప్పు పట్టకుండా ఆ హాలు స్లాబ్‌కి పైనా కిందా రక్షణ పూత వేయాలని షరతు.

ఖర్చు: హామర్, అల్ట్రాసోనిక్ 18,000. దండగైనదాంతో కలిపి నాలుగు కోర్లకి 12,000. లోడ్ టెస్ట్ 45,000. జీఎస్టీతో 88,500. ఇటుకలు, ట్యాంకర్లు, కూలీ, ఎలక్ట్రీషియన్ ఇంకో పదిహేను వేల దాకా. అన్నిటికంటే పెద్ద నష్టం నెల రోజుల పైన పని ఆగడం, జాకీల అద్దె. బిల్డరూ ప్లాంటూ పంపు కాంట్రాక్టరూ ముగ్గురూ వాదించుకుని చివరికి పంచుకున్నారు, ఎవరు ఎంత అన్నది నాదాకా రాలేదు. నీళ్ళు ఎవరు వదిలారో కూడా ఇప్పటికీ తేలలేదు.

పని మళ్ళీ మొదలైంది సెప్టెంబరు 15న. యాదృచ్ఛికమే గానీ అది ఇంజనీర్స్ డే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. పొద్దున్నుంచీ ఫోన్లో ఆయన తలపాగా బొమ్మలే. 1908లో మూసీ ముంచెత్తాక ఈ ఊరిని వరదల నుంచి కాపాడే దారి చూపడానికి పిలిపించింది ఆయన్నే. ఎగువన చెరువులు కట్టి నీటిని ఆపాలని ఆయన చెప్పాక వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. బొమ్మలు పంపినవాళ్ళలో మా పిన్ని కొడుకూ ఉన్నాడు. వాడు కంప్యూటర్ సైన్సే తీసుకున్నాడు. తిట్టలేదు, అందులోనూ ఇంతే: తప్పు ఎక్కడుందో వెతకడం, కొలిచి నమ్మడం. కాకపోతే వాడి దగ్గర పొరపాటైతే మళ్ళీ రన్ చేసుకుంటాడు, మాకు బ్రేకర్ తెచ్చి కొట్టాలి.

మూడో అంతస్తు స్లాబ్ అక్టోబరులో పోశాం. ఈసారి బండి గేటు దాటగానే హోస్ వాల్వుకి తాళం. తాళంచెవి నా జేబులో. ప్లాంటు నుంచి అడ్మిక్చర్ డబ్బాతో ఒక మనిషి పొద్దుట్నుంచి రాత్రి దాకా ఉండాలని సార్ ఆర్డరులోనే రాయించారు. ఓ బండి గంటా నలభై నిమిషాలకి వచ్చింది, స్లంప్ 80. డ్రైవరు తాళం అడిగాడు, ఇవ్వలేదు. డోసు వేయించి ఐదు నిమిషాలు డ్రమ్ము తిప్పించాం, 115కి వచ్చింది, పంపుకి ఎక్కింది. ఏడు రోజుల క్యూబులు 18.4. పెద్దాయన రిపోర్టుల జిరాక్సులన్నీ అడిగి తీసుకున్నారు. లోడ్ టెస్ట్ పేజీలో సాక్షి సంతకం దగ్గర నా పేరు చూసి, "ఫోన్ నంబరు కూడా రాయమ్మా, పూత వేసేటప్పుడు నిన్నే పిలుస్తా" అన్నారు. రాసిచ్చాను.